ఫోటోలో జరిగిన స్తంభం

ప్రొద్దుటూరు ఫోటోగ్రాఫరు గఫూర్‌ది మచ్చలు మాయం చేసే చెయ్యి. మశూచి గుంటల మొహమైనా సరే, నెగటివు మీద సన్న పెన్సిలుతో దిద్ది నున్నగా చేసేవాడు. ఆ ఫోటోలు చూసి ఒప్పుకున్న పెళ్లికొడుకులు తర్వాత వచ్చి పోట్లాడేవాళ్లు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో ముద్దనూరు పక్క పల్లెలో కరెంటు స్తంభాలు పాతారు. కరెంటుతో పల్లె ఎలా మారిందో పై ఆఫీసుకు చూపించాలని ఇంజనీరు త్రివిక్రమరావు గఫూర్‌ను జీపులో తీసుకెళ్లాడు. తీరా చూస్తే కరెంటే ఇంకా రాలేదు.

"బల్బు వెలగల్ల గదా సార్?" అన్నాడు గఫూర్.

"వెలిగినట్టు దిద్దెయ్యవయ్యా!"

ఈ మాట అక్కడే ఎద్దులు తోలుతున్న మునెమ్మ చెవిన పడింది. ఆమె కపిల బావి దగ్గర, నీళ్లు తోడే ఎద్దులు నడిచే బాట నడుమ ఒక స్తంభం పాతారు. ఎద్దులు అక్కడికొచ్చి ఆగేవి. తోలు బాన బావిలో సగంలోనే వేలాడేది.

"లేని వెలుతురు పెడతాండావు గదా సాయిబూ, ఉండే స్తంభాన్ని రోంత పక్కకు జరపలేవా?"

"ఫోటోలో జరిపితే నీకేమొస్తాదక్కా?"

"ఆడన్నా నా ఎద్దుల్ని నడవనీ."

గఫూర్‌కు ఆ మాట గుచ్చుకుంది. స్టూడియోకు పోయి నెగటివు మీద బల్బు వెలిగించాడు. స్తంభాన్ని గీకేసి గట్టు మీద గీశాడు. ఫోటోకు పై ఆఫీసు ముద్ర పడింది.

కొన్నాళ్లకు పెద్దాఫీసరు ఆ ఫోటో పట్టుకుని పట్టపగలు తనిఖీకొచ్చాడు.

"స్తంభం గట్టు మీద గదా ఉండాలి? ఇక్కడికెట్లా వచ్చింది?"

ఫోటో అబద్ధమంటే బల్బూ అబద్ధమవుతుంది. త్రివిక్రమరావు, "ఎవరో జరిపినట్టున్నారు సార్" అన్నాడు. వారం తిరక్కుండా కూలీలొచ్చి స్తంభాన్ని పెరికి గట్టు మీద పాతారు. మునెమ్మ బాన నిండుగా పైకొచ్చింది.

కానీ పల్లెకు కరెంటు రాలేదు. అడగబోయిన వాళ్లకు ఆఫీసు ఫోటో చూపించి, "మీకెప్పుడో ఇచ్చాం" అంది. గఫూర్ తానే పోయి చేసిందంతా ఒప్పుకున్నాడు.

"ముద్రున్న ఫోటోను తప్పంటావా?" అని గుమాస్తా కసిరాడు. అయినా జాలిపడి, బల్బు మాడిపోయి ఉంటుందని రాసుకుని, ఊరికి కొత్త బల్బులు పంపించాడు.

ఆ తర్వాత గఫూర్ పెన్సిలు ముట్టలేదు. మచ్చలు మచ్చల్లాగే రావడంతో పెళ్లివాళ్లు జమ్మలమడుగు స్టూడియోకు మళ్లారు. మునెమ్మ మాత్రం ఎద్దుల్ని తోలుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది.

"ఇవి ఎట్లుంటే అట్లే తియ్యప్పా" అంది.