ఖాళీ వీధుల్లో దండోరా

మునస్వామి ఎవరి మాటనూ ఒక్కసారికే నమ్మేవాడు కాదు. సంతలో మేకను కొనేటప్పుడు దాని పళ్లతోపాటు అమ్మేవాడి ముఖాన్ని కూడా పరీక్షగా చూసేవాడు. అతని భార్య తాయమ్మ, "నన్ను పెండ్లాడేటప్పుడు గూడా మా నాయన ముఖం అట్లనే సూసినాడు" అని నవ్వేది.

వాళ్లది చింతలమిట్ట. కార్వేటినగరం నుంచి పుత్తూరు వెళ్లే దారికి కాస్త లోపలగా ఉండే చిన్న ఊరు. మునస్వామి ఆ ఊరి వెట్టి. మునసబు చెప్పిన సర్కారు కబురును పలక అనే డప్పు కొడుతూ వీధివీధినా చాటడం అతని పని. అందుకు ప్రతిఫలంగా చెరువు కింద ఓ చిన్న మాన్యం చెక్కను తండ్రి నాటి నుంచీ దున్నుకుంటున్నారు.

అనుమానం అతనికి ఆ పలకతోనే అంటుకుంది. యుద్ధం రోజుల్లో, "రేపు చావిడి కాడ కిరసనాయిలు ఇస్తారహో" అని చాటమన్నారు, చాటాడు. మర్నాడు జనం సీసాలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. నూనె రాలేదు. జనం సర్కారును ఏమీ అనలేదు. సర్కారు యాడ ఉందో వాళ్లకేం తెలుసు? మునస్వామి ఇల్లు తెలుసు. వచ్చి తిట్టిపోయారు. అప్పటి నుంచి, తన నోటితో చాటబోయే మాటనైనా సరే, ఎవరు చాటమన్నారు, ఎందుకు చాటమన్నారు అని అతను ఆలోచించుకునేవాడు.

యుద్ధం ముగిసింది. పంచాయతీ బోర్డుకు ఎలక్షన్లు వస్తాయని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. బోర్డు ప్రెసిడెంటు దామోదరం యుద్ధానికి ముందు ఎక్కిన కుర్చీ దిగలేదు. మునసబు ఆయనకు బావమరిది. బోర్డు సమావేశాలు ఆయన ఇంటి లోపలి నడవలో, తలుపులు మూసి జరిగేవి. బయట అరుగు మీద కూర్చున్నవాళ్లకు వక్కలు కత్తిరించే చప్పుడు తప్ప మరేమీ వినపడేది కాదు.

పక్క ఊరిలో గంగజాతర జరిగే శనివారం వచ్చింది. తెల్లవారేసరికే బండ్లు కట్టుకుని ఊరంతా కదిలిపోయింది. మధ్యాహ్నం మునస్వామి ఇంటి ముందు వేపచెట్టు నీడన కునుకు తీస్తుంటే, బోర్డు గుమాస్తా ముకుందం వచ్చి వాడ మొదట్లోనే నిలబడి పిలిచాడు.

"మునస్వామీ, పలక తీసుకో. బోర్డుకు నిలబడేవాళ్లు సోమవారం సాయంత్రంలోగా పుత్తూరు పోయి పేర్లు ఇచ్చుకోవాలంట. ఇప్పుడే చాటు."

మునస్వామి లేచి తలపాగా చుట్టుకుంటూ ఆయన ముఖంలోకి చూశాడు.

"ఇప్పుడా సామీ? ఊర్లో ఎవురుండారు? అందురూ జాతరకు పోయినారు గదా."

"దండోరా వేయమని చట్టంలో ఉంది. జనం వినాలని యాడా లేదు. వేస్తావా, లేదా?"

వేశాడు. పెద్ద వీధిలో కొట్టాడు. కుక్కలు లేచి మొరిగాయి. గానుగ వీధిలో తాళాలు వేసిన తలుపులకు చాటాడు. వీధి చివర చెవులు సరిగా వినపడని ముసలి సుబ్బులమ్మ ఒక్కతే గోడ పట్టుకుని బయటికి వచ్చింది. ఆమెకు పలక అంటే చావు పలకే.

"సచ్చింది ఎవురు నాయనా?" అని అడిగింది.

"ఇంకా తెల్లేదవ్వా" అన్నాడు మునస్వామి.

ముకుందం చావిడి అరుగు మీద నిలబడి, ఆఖరి వీధి దాకా పలక మోత విని, తల ఊపి వెళ్లిపోయాడు. దండోరా బాగా పడిందా లేదా అని ఇంతకాలంలో ఎవరూ అలా నిలబడి విన్నది లేదు. మునస్వామి ఆయన వెళ్లినవైపే చూశాడు.

ఇంటికి వచ్చి తాయమ్మకు చెప్పాడు.

"పెద్దోళ్ల యవ్వారం. నీకెందుకు? మాన్యం పోతే ఏం తింటాం?" అందామె.

"రేపు మనకు తెల్లేదే అని జనం అంటే, మునస్వామి దండోరా యేసినాడు గదా అంటారు. కిరసనాయిలు కత మళ్లా నా నెత్తినే పడతాది."

ఆదివారం పొద్దున్నే, జాతర నుంచి తిరిగి వచ్చిన జనం ఇంకా పళ్లు తోముకుంటుండగా, మునస్వామి పలక పట్టుకుని పెద్ద వీధిలోకి వచ్చాడు. మునసబు చెప్పలేదు, ముకుందం చెప్పలేదు. వెట్టివాడు తనంత తాను దండోరా వేయడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు. అదే కబురు, అవే మాటలు, ఈసారి గొంతు చించుకుని చాటాడు.

గానుగ గోవిందయ్య వేపపుల్ల నోట్లో పెట్టుకునే బయటికి వచ్చాడు. దామోదరం అంటే మొదటి నుంచీ పడని మనిషి.

"ఎవురు కొట్టమన్నారురా?"

"నిన్న కొట్టమన్నారు సామీ. నిన్న మీరు లేరు. ఈ పొద్దు ఉండారు."

గోవిందయ్య పుల్ల ఉమ్మేశాడు. కానీ సంతోషించలేదు. ఆయన కళ్లు చిన్నవయ్యాయి. తనకు ఎదురు నిలబడేదెవరో ముందే తెలుసుకోవడానికి దామోదరమే ఈ దండోరా కొట్టిస్తున్నాడని ఆయనకు తోచింది. ఆ మాట మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. సాయంత్రం గోవిందయ్య మనుషులు వాడ దగ్గరికి వచ్చి, "నిజం సెప్పు మునస్వామీ, దామోదరం నీకేమన్నా ఆశ పెట్టినాడా?" అని అడిగారు. లేదంటే నమ్మలేదు.

అదే సమయంలో దామోదరం నుంచి కబురు వచ్చింది. మునస్వామి పలక భుజానికి తగిలించుకునే వెళ్లి వాకిట్లో కిందే నిలబడ్డాడు. మునసబు కుర్చీలో ఉన్నాడు. దామోదరం ఉయ్యాల బల్ల మీద కూర్చుని చాలా నెమ్మదిగా అడిగాడు.

"గోవిందయ్య ఏమిస్తానన్నాడప్పా నీకు?"

"ఎవురూ ఏమీ ఇస్తామన్లేదు సామీ. నేనే కొట్టినాను."

"నువ్వేనా? ఎందుకు?"

మునస్వామి ఆ ప్రశ్ననే తనకు తాను వేసుకున్నాడు. ఎందుకు కొట్టాడు? జనం తిడతారనే భయంతోనా? పోయిన ఏడు కాలువ నీళ్లు తన మాన్యం చెక్కకు రాకుండా దామోదరం మనుషులు అడ్డుకట్ట వేసినందుకు కసి ఏమైనా లోపల మిగిలి ఉందా? ఆ క్షణాన మునస్వామికి తన మీద తనకే అనుమానం వచ్చింది.

"పలక ఈడ పెట్టి పో" అన్నాడు మునసబు.

పెట్టి వచ్చాడు. పలకా, మాన్యమూ అతనితో మాటలు లేని దాయాదికి పోయాయి. మునస్వామి పుత్తూరు దారిలో సున్నపు బట్టీ పనికి కుదిరాడు. కొన్నాళ్ల తర్వాత ఒక పూట తాయమ్మ సంగటి వడ్డిస్తూ, "ఆ పొద్దు నీ గొంతు మన వాడ దాకా ఇనపడింది" అంది. మెచ్చుకుందో దెప్పిందో అతనికి అంతుబట్టలేదు.

రెండో దండోరా పడిన మర్నాడు, సోమవారం ఎండ తగ్గకముందే, అనుమానపడుతూనే గోవిందయ్యా, మరికొందరూ పుత్తూరు వెళ్లి పేర్లు ఇచ్చి వచ్చారు. లేకపోతే ఆ ఏడు పోటీయే ఉండేది కాదు. ఓట్ల నాడు మునస్వామి బట్టీ పని మానుకుని దూరాన నిలబడి చూశాడు. పన్ను కట్టేవాళ్లకే ఓటు; అతనికి లేదు. దామోదరం పక్షమే గెలిచింది. కానీ గోవిందయ్యా, ఇంకొకాయనా కూడా బోర్డులోకి వచ్చారు. వాళ్లు పట్టుబట్టడంతో మొదటి సమావేశం దామోదరం నడవలో కాకుండా చావిడిలో, అందరి ఎదుటా పెట్టారు.

మునస్వామి వెళ్లి చావిడి కింద ఎండలో నిలబడ్డాడు. చెరువు తూము బాగు చేయించే మాట వచ్చింది. గోవిందయ్య కేకలు వేశాడు. దామోదరం బల్ల గుద్దాడు. జనం మెడలు చాచి విన్నారు. ఏ చేను నీళ్లు ఎటు పోతున్నాయో తలుపులు మూయకుండా మాట్లాడటం వాళ్లు చూడటం అదే మొదలు.

సమావేశం అయ్యాక గోవిందయ్య మెట్లు దిగి నేరుగా అతని దగ్గరికి వచ్చాడు.

"మునస్వామీ, నీ మేలు మర్సిపోనప్పా. ఇప్పుడు తెలిసింది నువ్వు మా మనిసివని."

"నేను మీ మనిసిని గాను సామీ" అన్నాడు మునస్వామి. "దామోదరం అయ్య మనిసినీ గాను."

గోవిందయ్య ముఖం ముడుచుకుంది. "మరి ఎవురి మనిసివి?" అని, జవాబు కోసం ఆగకుండా వెనక్కి వెళ్లాడు. చావిడి అరుగు మీద దామోదరం తమలపాకులకు సున్నం రాస్తూ కూర్చున్నాడు. గోవిందయ్య పక్కన చేరి చెయ్యి చాపాడు. దామోదరం ఒక ఆకు చిలక చుట్టి ఇచ్చాడు. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఏదో అనుకున్నారు. ఆపైన గట్టిగా నవ్వుకున్నారు.

కింద నిలబడ్డ మునస్వామికి ఆ నవ్వు వినపడింది. మాటలు వినపడలేదు.

ఇంటికి వస్తే తాయమ్మ, "బాగా జరిగిందంట గదా? ఇంకనన్నా నిమ్మళంగా ఉండు" అంది.

అతను కాళ్లు కడుక్కుంటూ, "మళ్లా ఎప్పుడు కూడతారో కనుక్కోవాల" అన్నాడు. "ఆ పొద్దు బట్టీకి పోను. ఈతూరి ఇంకా దగ్గిరికి పోయి నిలబడాల."