ఆగమన్నవాడి చేను

మా బావగారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను కల్లంలో కూర్చుని మిరపల్లో తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నాను. నరసరావుపేట ఆసుపత్రిలో తెల్లారాక ప్రాణం పోయిందనీ, మధ్యాహ్నానికి ఇంటికి తెస్తారనీ అటుగా వచ్చిన మనిషి చెప్పి వెళ్లాడు. చేతిలో గుప్పెడు మిరపకాయలు ఉన్నాయి. వాటిని ఎర్రకాయల్లో వెయ్యాలో తాలులో వెయ్యాలో తెలియలేదు. 

ఇది ఎందుకు చెప్పి రాయిస్తున్నానో ముందు చెప్పాలి. పెద్దకర్మ రోజున పందిరి వేసి, ఫొటోకి దండ వేసి, మైకు కూడా పెట్టారు. మా ఊళ్లో సర్పంచికి నిలబడి ఓడిపోయినాయన ఒకడున్నాడు. వరసకు నాకు కొడుకవుతాడు. ఓడినా మైకు మాత్రం వదలడు. "మా పెదనాన్న ముందుచూపున్న మనిషి. ఈ మెట్టపొలాలకి కరెంటు మోటార్లు రావాలని కలలు గన్న మహానుభావుడు" అని గొంతు జీరబోయేలా చెప్పాడు. గంట తిరక్కుండానే అదే నోటితో తమలపాకు నములుతూ పక్కవాడితో అంటున్నాడు. "ముసలాయన మూలానే మనూరు పదేళ్లు ఎనకబడింది. కొత్తదంటే చాలు, వణుకు." నాకు రోత పుట్టింది. విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. రెండు మాటలూ అబద్ధమే. నాకు అక్షరం ముక్క రాదు. మా మనవరాల్ని కూర్చోబెట్టి రాయిస్తున్నాను. చెయ్యి దానిది, మాట నాది.

బావగారంటే నా భర్తకి అన్న. మాది ఉమ్మడి బావి, మూడు వాటాలు. ఒకటి బావగారిది, ఒకటి మాది, ఒకటి ఈ ఓడిన సర్పంచిది. సాగర్ కాలవ పల్లంలో వాళ్లకే గాని మా మెట్టకి ఎక్కదు. మాకు ఆ బావే దిక్కు. బావి మీద ఆయిలు ఇంజను ఉండేది. నా భర్త పోయాక, ఎకరన్నర చేనూ, బావిలో వాటా నాకు మిగిలాయి. ఆ చేను నా చేతిలో ఉన్నంతకాలం నేను ఒకరి పొలంలోకి కూలికి వంగక్కర్లేదు. నాకు కావలసిందల్లా అంతే.

ఇంజను చూసుకునేది బావగారే. తువ్వాలు తీసి హ్యాండిలుకి చుట్టి గాని తిప్పేవారు కాదు. బెల్టు జారకుండా గుగ్గిలం పొడి చల్లేవారు. పైపులోంచి నీళ్లు పడగానే అరచెయ్యి అడ్డం పెట్టి ధార ఎంత బలంగా తాకుతుందో చూసుకుని, "పర్లేదు" అనేవారు. ఆయన నోటివెంట అంతకు మించిన మెప్పు నేను వినలేదు. పెళ్లిలో నెయ్యి వేసినా "పర్లేదు", మనవడు పుట్టినా "పర్లేదు".

మా ఇళ్లల్లో మరదలు బావగారి ముందు కూర్చోకూడదు, ఎదురుగా మాట్లాడకూడదు. మరి ఒకే బావి మీద బతికేవాళ్లం మాట్లాడకపోతే ఎట్లా? అందుకని నేను ఇంజనుతో మాట్లాడేదాన్ని. "ఇంజనా, రేపు నా వంతు, పొద్దున్నే లెయ్యి" అనేదాన్ని. ఆయన అటు తిరిగి, "ఆయిలు తెచ్చుకోమని చెప్పు ఇంజనా" అనేవారు. పాతికేళ్లు ఇంజనే మా ఇద్దరి మధ్యవర్తి. ఒకసారి నాకు కోపం వచ్చి "ఇంజనా, నీకు సిగ్గుందా, నిన్న నా మళ్లు సగం తడవకుండానే ఆగావు" అన్నాను. ఆయన తలొంచుకుని రెంచీ తీసుకుని దాని నట్లు బిగించసాగారు, తిట్లు దానికే తగిలినట్టు.

తర్వాత మా మెట్టకి కరెంటు స్తంభాలొచ్చాయి. స్తంభాల వెనకే మోటార్లమ్మే వాళ్లొచ్చారు. ఛీ, ఆ మనుషుల్ని తలుచుకుంటే ఇప్పటికీ అసహ్యమే. మాచర్ల నుంచి రంగుకాగితాలు పట్టుకొచ్చి చావిట్లో పరిచేవాళ్లు. మొదట గట్టు మీద కూర్చునే మోటారు అన్నారు. అది కొన్నవాళ్లు దానికి పెట్టిన పసుపుబొట్టు ఆరకముందే, పంపూ మోటారూ కలిసి ఒకే ముద్దగా వచ్చిందన్నారు. ఆ తర్వాత నీళ్లలోనే మునిగి పనిచేసేది వస్తుందన్నారు. ఏడాది క్రితం దేవుడి మీద ఒట్టేసి అమ్మినదాన్ని ఈ ఏడు వాళ్లే డొక్కు అనేవాళ్లు. కరెంటు చూస్తే బల్బులో తీగ ఎర్రబడటానికే చాలేది కాదు. మోటార్లు కాలిపోయేవి. మాచర్లలో కాయిలు చుట్టే షాపు ముందు అవి పురిటాసుపత్రిలో ఆడవాళ్లలా వరసగా కూర్చుని ఉండేవి.

బావగారు కొనలేదు. భయపడి కాదు. మాచర్ల వెళ్లినప్పుడల్లా ఆ షాపు ముందే నిలబడి, ఏది ఎందుకు కాలిందో అడిగి తెలుసుకుని వచ్చేవారు. "కొత్త మిషనుకి మొదటి ఏడు మనమే ఎదురు జీతమిచ్చి పాలేరుతనం చేస్తాం" అనేవారు. ఆ మాట ఊళ్లో ఇద్దరు ముగ్గురి విషయంలో నిజమైంది కూడా.

ఓడిన సర్పంచి మటుకు కొన్నాడు. మా బావి మీదే తన మోటారు వేరుగా పెట్టుకుని, ఇంజనులో వాటా వదులుకున్నాడు. ఇంజనుకి మేమిద్దరమే మిగిలాం. అది దగ్గుతూ నడుస్తోంది. ఆ ఏడు నా దగ్గర మిరప డబ్బులు కొంచెం నిలవున్నాయి. నేనూ కొనేద్దామని బావి దగ్గరికి వెళ్లాను.

"ఇంజనా, నువ్వు ముసలిదానివైపోయినావు. మోటారు కొందామనుకుంటన్నా. పెద్దవాళ్లు ఏమంటారో కనుక్కో" అన్నాను.

ఆయన బావిలోకి వంగి నీళ్లెంత దిగాయో చూశారు. తర్వాత ఇంజనుకే చెప్పారు. "ఈ ఒక్క ఏడు ఆగమను. బావిలో నీళ్లు ఏటికేడు దిగిపోతన్నయ్. గట్టు మీద మోటారు అంత లోతు నుంచి పీల్చలేదు. మునిగేది వస్తంది, అదైతే నిలబడుద్ది. ఇప్పుడు కొన్నది రెండేళ్లకి పాత ఇనప సామాన్లోడి పాలు."

మాట సబబుగా ఉంది. నాలోనూ భయం ఉంది. ఆగాను. నన్ను చెవి పట్టుకుని ఎవరూ ఆపలేదు, ఆ సంగతి కూడా రాయమన్నాను.

ఆ ఏడే, నా మిరప పూతా పిందె మీదున్నప్పుడు, ఇంజను ఒక్క చప్పుడు చేసి నిలిచిపోయింది. లోపల కడ్డీ విరిగిందన్నారు. కొత్తది గుంటూరు నుంచి రావాలి, ఎప్పుడొస్తుందో తెలియదన్నారు. అప్పటికప్పుడు మోటారు కొందామన్నా, కరెంటు సర్వీసుకి నెలల తరబడి తిరగాలి. మిరపచెట్టు అన్ని నెలలు ఆగదు. మూడో రోజుకి ఆకు ముడుచుకుంది. పూత పట్టుకుంటే రాలింది.

ఓడిన సర్పంచి దగ్గరికి వెళ్లాను. నాలుగు తడులు నీళ్లియ్యమన్నాను. వాడు మంచం మీద నుంచి లేవలేదు.

"ఏంది పిన్నీ, నేను కొన్ననాడు కొనమంటే కొన్నావా? ఆయన మాట ఇన్నావు. పోయి ఆయన్నే అడుగు."

"ఇన్నాలేరా. ఇప్పుడు చెట్టు ఎండతంది. దాని సంగతి చెప్పు."

"నా మోటారు కాలితే ఎవురిస్తారు? ఒక పని చెయ్. చేను నాకు కౌలుకియ్. నువ్వు కూడా మా మనుషులతో పాటు కాయకోతకి వద్దువుగాని. చానా తేలిక నీకు."

నా చేలోకి నేను కూలికి రావాలట. అది వాడు జాలిగా చెప్పాడు, అదీ అసహ్యం. నేను వాడితో ఇంక మాట్లాడలేదు. తిన్నగా బావగారింటికి నడిచాను. ఆ రోజు మధ్యవర్తి లేదు. విరిగి పడుంది. ఎదురుగా నిలబడి, ముఖంలోకి చూసి అడిగాను.

"మీరు ఆగమన్నారు. ఆగినా. నా చేను ఎండతంది. ఇప్పుడేం చెయ్యమంటారో అదీ చెప్పండి."

ఇంకా చాలా అన్నాను. అవి రాయించను. ఆయన తల ఎత్తలేదు. నేను అలిసిపోయి ఆగాక, కొట్టంలోకి వెళ్లి, పశువులకి కుడితి పోసే పెద్ద ఇనప బానని ఒంచారు. కుడితంతా నేల మీద పారింది. అది కుడితి బాన కాదు, మా మామగారి నాటి మోట బాన. ఇంజను వచ్చాక పని లేక కుడితికి పెట్టుకున్నారు. దాన్ని తిరగేసి చిల్లులున్నాయేమో అని వెలుతురులో పెట్టి చూశారు.

"మోట కడదాం అమ్మాయ్" అన్నారు. ఆయన నాతో నేరుగా మాట్లాడటం అదే మొదలు.

"మోటతో ఎంత తడుద్ది? ఒక చేనుకే చాలీచాలదు. మరి మీ చేను?"

"ఆగమన్నది ఎవురు?"

"మీరే."

"మరి ఎండాల్సింది ఎవురిది?"

నేను వెళ్లి బానకి రెండో అంచు పట్టాను.

మోట తెలియనివాళ్లకి చెప్పాలి. బావి గట్టు నుంచి కిందికి వాలుగా బాట ఉంటుంది. ఎద్దులు వాలులో దిగితే తాడు లాగి బాన పైకొస్తుంది. అప్పుడు తోలేవాడు తాడు మీద కూర్చుంటాడు, తన బరువు కూడా ఎద్దులకి సాయం. నీళ్లు కాలవలో పడ్డాక ఎద్దులు వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కాలి, బాన మళ్లీ బావిలోకి దిగాలి. బావగారి ఎద్దులు బండెద్దులు. వాటికి ముందుకు నడవటమే తెలుసు. వెనక్కి నడిచే ఎద్దు మా ఊళ్లో ఒక్కటీ మిగల్లేదు. ఆయన వాటి ముందు నిలబడి, నుదుళ్ల మీద చేతులు పెట్టి, "ఎనక్కి నాయనా, ఎనక్కి" అంటూ ఒక్కొక్క అడుగే వేయించారు. కర్ర పట్టలేదు. కుడి ఎద్దు పెడసరంగా ఉండేది. ఎడమది రెండో రోజుకే నేర్చుకుంది.

పొద్దు పొడిచినప్పటి నుంచి చీకటి పడేదాకా ఆయన మోట తోలారు, నేను పార పట్టుకుని నీళ్లు మళ్లించాను. అరవై దాటిన మనిషి, తాడు మీద కూర్చుని దిగి, మళ్లీ ఎద్దులతో ఎక్కి. దారిన పోయేవాళ్లు నవ్వేవాళ్లు. "కరెంటు కాలంలో ఎనక్కి నడుస్తన్నావేంది పెదనాన్నా?" అన్నాడు ఓడిన సర్పంచి, తన మోటారు స్విచ్చి వేసి. అప్పటికి నీళ్లు బాగా దిగిపోయాయి. వాడి మోటారు గాలి పీల్చి గురక పెట్టింది. బావగారు నవ్వలేదు. "పైపు అడుగున ఫుట్‌వాల్వు చూసుకోరా, మోటారు కాలుద్ది" అని చెప్పి తాడు మీద కూర్చున్నారు.

కడ్డీ వచ్చేసరికి నెల దాటింది. నా చేను పండింది. గట్టుకి అవతల ఆయన రెండెకరాలు నా కళ్ల ముందే ఎండిపోయాయి. ఆకు మొదట వాడి, తర్వాత తెల్లబడి, ఆఖరికి ముట్టుకుంటే పొడి అయ్యేది. నా తడిపాదాలతో ఆ గట్టు మీద నడవటానికి నాకు మనసొప్పేది కాదు. నా తోడికోడలు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఆమెది తప్పు కాదు. ఆమె వంటింట్లో ఖాళీ డబ్బాలు నేను చూడలేదా?

చావిట్లో ఎవరో, "కాలం కలిసిరాలా" అని ఆయనకి తప్పుకునే దారి ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. "కాలానికేం? నేను తప్పు చెప్పినా. మునిగే మోటారు మీదే ధ్యాస పెట్టినా గాని ఇంజను వయసు చూళ్లా" అన్నారు. అంతే. మా ఊళ్లో ఒక మగాడు పదిమందిలో నేను తప్పు చెప్పానని అనగా నేను విన్నది ఆ ఒక్కసారే.

పక్కేడు ఆయన చెప్పిన మోటారే వచ్చింది. నేనే కొన్నాను. మంచిదే. ఇంతవరకూ కాలలేదు. ఓడిన సర్పంచి గట్టు మోటారు పాత సామాన్లలోకే పోయింది. అంటే బావగారు చెప్పింది అంతా నిజమే, ఒక్క ఏడు తప్ప. ఆ ఒక్క ఏడులోనే నా బతుకుంది. మొదటి రోజు స్విచ్చి వెయ్యగానే ఆయన వచ్చి ధారకి అరచెయ్యి అడ్డం పెట్టారు. "పర్లేదు" అన్నారు. మొదటి తడి మీ చేనుకే అన్నాను. ఒప్పుకోలేదు. "వంతు ప్రకారం రానీ."

ఇప్పుడు మోటార్లు పోయి బోర్లంటున్నారు, ఎద్దులు పోయి ట్రాక్టర్లంటున్నారు. మా వీధిలో ఆడవాళ్లు నన్ను అడుగుతుంటారు, ఇప్పుడు కొందామా, ఇంకా మంచిది వచ్చేదాకా ఆగుదామా అని. నాకేం తెలుసు? ఇంకా మంచిది ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. కొనమనేవాడూ ఉంటాడు, ఆగమనేవాడూ ఉంటాడు, మూతి తుడుచుకుని పోయేవాళ్లే ఇద్దరూ.  నేను ఒక్కటే చెబుతాను. మీకు చెప్పేవాడి మాట తప్పయితే ఎవరి చేను ఎండుతుందో ముందు అడగండి.

పెద్దకర్మ నాటి సంగతి ఇంకొకటి ఉంది. పందిట్లోంచి లేచి నేను బావి దగ్గరికి వెళ్లాను. కాసేపటికి ఆయన కొడుకు, సామాన్లు దింపిన బండి తోలుకొచ్చి, ఎద్దుల్ని విప్పి నీళ్లకి వదిలాడు. నా మోటారు నీళ్లు పోస్తోంది. కుడిది తాగింది. ఎడమది తాగలేదు. పాత మోటబాట దిగువ కొసకి పోయి, ఒక్కొక్క అడుగే వెనక్కి వెయ్యడం మొదలుపెట్టింది.

"చూడు పిన్నీ, ఎదవ గుణం. సంతలో ఈ గుణం చూసే ఎవురూ బేరం చెయ్యటంలా" అని అతను కర్ర ఎత్తాడు.

"కొట్టమాక" అన్నాను.

అది వెనక్కి నడుచుకుంటూ గట్టెక్కి, సరిగ్గా మోట తాడు కట్టే చోట ఆగింది. చెవులు వెనక్కి తిప్పి నిలబడింది, తాడు మీద మనిషి కూర్చున్న బరువు తగిలితే దిగుదామని.