నూనె డబ్బా రేకు

మా ఆయన పాత జేసీబీకి వెనకవైపు తవ్వే చెయ్యి కుడికీ ఎడమకీ తిరగాలంటే ఒక లావుపాటి స్వింగ్ పిన్ను మీద తిరగాలి. పిన్ను కూర్చునే ఇనుప గొట్టం, అదే బుష్షు, అరిగిపోవడంతో ఆ చెయ్యి కల్లు తాగినవాడిలా ఊగేది. మా ఊరు ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఎక్కడ కాలువ తవ్వుతున్నా సరే, ఊగడం ఎక్కువైతే బండితో సహా ఇంటి ముందు దిగేవాడు.

నేను అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఉండేదాన్ని.

"ఏమే, జర రేకు కత్తిరించియ్యి."

"మళ్ల నా కత్తెర మొద్దు గావాలె! నీకు ఆకు కత్తెరే దొరికిందా?"

తిడుతూనే నూనె డబ్బా రేకును పట్టీలా కత్తిరించేదాన్ని. బుష్షు అరిగిన సందు పూడేలా పిన్ను చుట్టూ చుడితే ఆ పట్టీ అంచుకు అంచు తగలాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే పిన్ను లోపలికి దిగదు, తగ్గితే మళ్లీ వదులే. చిన్నప్పటి నుంచి బీడీ ఆకు కత్తిరించిన చెయ్యి కదా, కొలత తప్పేది కాదు. నేను దాన్ని బీడీ చుట్టినట్టే పిన్నుకు చుట్టి పట్టుకుంటే, ఆయన గ్రీజు పూసి సుత్తితో దించేవాడు. ఆ పూట తిండి ఇంట్లోనే. జొన్నరొట్టె, పచ్చిపులుసు, పొద్దుగూకేదాకా ముచ్చట్లు. రేకు కొన్నాళ్లకే నలిగిపోయేది, ఆయన మళ్లీ వచ్చేవాడు.

ఆ రాకడ విలువ నాకు అప్పుడు తెలియలేదు. బండి మోత వినబడితే చాలు, చిరాకు. వాడకట్టంతా నవ్వుతోందని సిగ్గు కూడా.

"ఎన్నొద్దులు ఈ అతుకుల బతుకు? కామారెడ్డి పోయి లేత్ మీద కొత్త బుష్షు చేపించరాదూ?" అని పొద్దస్తమానం సతాయించాను. పాపం, చివరికి చేయించాడు.

కొత్త బుష్షు పడ్డాక చెయ్యి ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. ఊగే బండిని నమ్ముకుని దూరం పోలేనన్న మనిషి, జుక్కల్ వైపు పెద్ద పని ఒప్పుకున్నాడు. అక్కడే వంట, అక్కడే పడక. పండుగకు రమ్మంటే పని ఆగదంటాడు.

మొన్న ఫోన్ చేస్తే అడిగాను, "బండి ఎట్లున్నది?" అని.

"మస్తుగున్నది. జర గూడ ఊగుతలేదు. నీ మాట అప్పుడే ఇనేదుండె."

సంతోషపడాల్సిన మాటే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఈ నోరు అప్పుడే కాస్త మూసుకుని ఉంటే ఎంత బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

"రేకు గిట్ట కావాల్నా?" అన్నాను.

"ఇంకెందుకే?" అని నవ్వాడు.

జవాబు నోటిదాకా వచ్చింది. "ఏం లేదు తియ్, తిన్నవా?" అని మాట మార్చేశాను.

నూనె డబ్బా ఖాళీ అయినప్పుడల్లా కడిగి అటక మీద పెడుతూనే ఉన్నాను. నా ఆకు కత్తెర మాత్రం ఇప్పుడు మొద్దుబారడమే లేదు.