బీరువా వెనుక వెచ్చని గాలి

మిట్టమధ్యాహ్నం బీరువా వెనుక చెయ్యి పెడితే వెచ్చని గాలి అరచేతికి తగులుతుంది. తగిలిన ప్రతిసారీ ఓబులేసు మామ గుర్తొస్తాడు. ధర్మవరంలో మా పక్కింటాయన. ఏళ్ల తరబడి సినిమా హాల్లో ప్రొజెక్టరు నడిపి, హాలు మూతపడ్డాక ఇంటిపట్టున ఉండేవాడు.

బడి గడప తొక్కకుండా అమ్మ దగ్గరే చదువుకున్న నేను, పట్టుచీరల అంచులకు కంప్యూటరు మీద డిజైన్లు గీయడం కూడా ఇంట్లోనే నేర్చుకున్నాను. దేవుడి దయవల్ల ఒక మగ్గాలాయన తొలిసారి పెళ్లిచీర అంచు నాకు అప్పగించాడు. సాయంత్రానికి అందకపోతే పని వేరేవాళ్లకు పోతుందని ముందే చెప్పాడు. ఎండలు ముదిరిన రోజులు, పైగా రేకుల ఇల్లు. దుమ్ము పడకూడదని అమ్మ కంప్యూటరును చెక్క బీరువాలో పెట్టించింది. ఆ రోజు అది పొద్దున్నుంచీ వేడెక్కి ఆగిపోతూనే ఉంది. ఏడుపు ఆపుకుంటూ గోడ మీంచి మామను పిలిచాను.

వస్తూనే ప్లగ్గు పీకించాడు. చల్లారేదాకా అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చున్నాడు. కంప్యూటరు పక్క రేకు విప్పితే లోపలి ఫ్యాను రెక్కల నిండా పసుపు, కుంకుమ, ఎండిన బంతిరేకులు. ఏటా ఆయుధపూజకు అమ్మ భక్తిగా చేసిన అలంకారమే.

“ఏమక్కా, దేవునికి పెట్టినావా, ఫ్యానుకు పెట్టినావా?” అన్నాడు. అమ్మ కూడా నవ్వేసింది.

మెత్తని కుంచెతో దులిపే పని నాకే ఇచ్చాడు. లోపలున్న కరెంటు డబ్బా జోలికి మాత్రం పోనివ్వలేదు. ప్లగ్గు పీకినా దాంట్లో కరెంటు దాగి ఉంటుందట. తర్వాత కంప్యూటరును బయట పెట్టించి, బీరువా వెనుక చెక్క మీద పైన ఒక కన్నం, కింద ఒక కన్నం గీసి, రంపం నా చేతిలో పెట్టాడు. భయమేస్తోందన్నాను.

“ప్రొజెక్టరు దీపం మీద గొట్టం ఎందుకుంటాది? వేడిని ఆపలేము పాపా. అది పోయే దోవ చూపియ్యల్ల, అంతే. కొయ్యి.”

కోశాను. పై కన్నానికి, వేడిని బయటికి తోసే చిన్న ఫ్యాను మామే తెచ్చి బిగించాడు. బల్లులు దూరకుండా రెండింటికీ జాలీ కొట్టాం.

కంప్యూటరును మళ్లీ లోపల పెట్టాం. ఇంటి పైరేకులు కాలిపోతున్నా అది ఆగలేదు. తెర మీద గోపురం అంచు గడి గడిగా నిండింది. పొద్దు వాలకముందే పంపించాను. మగ్గాలాయన ఫోను చేసి, కొంగు కూడా నన్నే గీయమన్నాడు. సంతోషం పట్టలేక బీరువా వెనక్కి పోయి, ఆ గాలికి రెండు చేతులూ చాపి కళ్లకద్దుకున్నాను.

“హారతి తీసుకుంటాండావా?” అన్నాడు మామ నవ్వుతూ.

ఆయన ఇప్పుడు లేడు. ఆయుధపూజ బొట్టూ పూలూ బీరువా తలుపుకే పెడుతున్నాం. నేను గీసిన అంచుల చీరలు కట్టుకుని ఎందరో పెళ్లిపీటల మీద కూర్చున్నారు. ఈ మధ్యాహ్నం కూడా గాలి వెచ్చగా తగిలింది. చేతులు వాటంతటవే కళ్లకు చేరాయి.

అవును మామా, హారతే.