లత్తేరి ఇంటి స్లాబు, మా చిన్నాయన పేరు

నిన్న పొద్దున తొరపాడి నుంచి చిన్నమ్మ ఫోన్.

"అమ్మా, మీ చిన్నాయన లేపితే లేయలేదమ్మా."

అంతే. తర్వాత ఏడుపు. నేను గుడియాత్తంలో గోడౌన్ తాళం తీస్తున్నాను. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. మొన్ననే మాట్లాడాను కదా, బాగానే ఉన్నాడు కదా అని ఎవరితోనో వాదిస్తున్నట్టు నాలో నేనే అనుకున్నాను.

మునిరత్నం మేస్త్రి. మా నాన్న తమ్ముడు.

సాయంత్రానికల్లా అంతా అయిపోయింది.

నన్ను కాలేజీలకు పిలిచి మైకు ఇస్తారు. కొత్తగా బిజినెస్ మొదలుపెట్టేవాళ్ళకు నాలుగు మాటలు చెప్పమంటారు. ధైర్యం చేయండి, ఇచ్చిన టైముకు సరుకు ఇవ్వండి అంటాను. చప్పట్లు కొడతారు.

అసలు మాట ఇన్నేళ్ళూ మింగేశాను. ఇక నావల్ల కాదు.

తొంభైల్లో మొదలుపెట్టాను నేను. పెంకుటిళ్ళు తీసేసి అందరూ స్లాబులు వేసుకుంటున్న రోజులు. స్లాబు పోయాలంటే కింద ఇనుప షీట్లు పరిచి, వాటికి ఆసరాగా సరుగుడు కర్రలు నిలబెట్టాలి. సెంట్రింగ్ అంటాం. ఆ షీట్లు, కర్రలు అద్దెకిచ్చే వ్యాపారం నాది. మేం తమిళనాట స్థిరపడ్డ తెలుగువాళ్ళం. మా వాళ్ళంతా కట్టడం పనివాళ్ళే, అయినా ఆడపిల్ల లారీ ఎక్కడం ఎవరూ ఒప్పుకోలేదు. నాన్న నెల రోజులు నాతో మాట్లాడలేదు.

చిన్నాయన ఒక్కడే వచ్చాడు. మొదటి లోడు దిగిన రోజు కాంక్రీటు అంటకుండా షీట్లకు పూసే నూనె డబ్బా, పాత గుడ్డ నా చేతికి ఇచ్చాడు.

"నీ షీటుకు నువ్వే నూనె పూయాలమ్మా. అప్పుడే దాని వంకర నీకు తెలుస్తాది."

నేనేమో పూజ కోసం పట్టుచీర కట్టుకుని వచ్చాను. ఆ చీర ఆ రోజుతో గోవిందా. ఆయన నవ్వాపుకోలేక సిమెంటు బస్తా మీద కూర్చుండిపోయాడు.

ఆ ఏడే లత్తేరిలో ఒక రిటైర్డ్ టీచర్ ఇల్లు. స్లాబు చిన్నాయన పోశాడు, షీట్లు నావి.

ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం, వస్తే మా వైపు ఎవరూ కొత్త పని ముట్టరు. అందుకని ఆడికి ముందు వచ్చే చివరి ముహూర్తానికి అందరికీ షీట్లు కావాలి. గుడియాత్తంలో ఒక పెద్ద పార్టీకి ఆ రోజుకు ఇస్తానని మాట ఇచ్చేశాను. నా షీట్లన్నీ లత్తేరి స్లాబు కిందే ఉన్నాయి.

"హాలు పెద్దదమ్మా. పద్నాలుగు దినాలు ముట్టొద్దు" అని చిన్నాయన ముందే చెప్పాడు.

తొమ్మిదో రోజు, ఆయనకు చెప్పకుండా, మనుషుల్ని తీసుకుని లారీతో వెళ్ళాను. పైకెక్కి సుత్తితో కొట్టి చూశాను. గట్టిగానే పలికింది. మాట తప్పితే నా వ్యాపారం పుట్టిన చోటే పోతుందని భయం.

ఊడదీయమన్నాను.

సగం కర్రలు తీశాక పైన టప్పుమని చప్పుడు. హాలు నడిమధ్య పొడుగ్గా చీలిక.

చిన్నాయన రోజూ స్లాబుకు నీళ్ళు పెట్టడానికి మధ్యాహ్నం ప్యాసింజర్ రైల్లో వచ్చేవాడు. అప్పుడే వచ్చాడు. చూశాడు.

"అందురూ బయటికి పోండప్పా!" అని అరిచి, తనొక్కడే లోపలికి వెళ్ళి కర్రలు ఒక్కొక్కటే మళ్ళీ నిలబెట్టాడు. సగం ఊడిన షీటు జారి ఆయన కుడి భుజం మీద పడింది. అయినా చివరి కర్ర బిగించాకే బయటికి వచ్చాడు.

ఇంటాయన పరుగున వచ్చి, ఎవరు తీయమన్నారని తమిళంలో అరిచాడు. నేను నోరు తెరిచేలోపే చిన్నాయన "నాన్ దాన్ సార్" అన్నాడు. నేనే సార్ అని.

ఆటోలో ఆస్పత్రికి పోతూ నేను ఏడుస్తుంటే, నొప్పితో పళ్ళు బిగబట్టి చెప్పాడు. "నువ్వు ఇప్పుడే మొదులుపెట్టినావు. ఈ మాట నీ మీద పడితే ఇంక ఎవురూ నీ షీట్లు ముట్టరు. నాకేమమ్మా, ఎన్ని స్లాబులు పోసినానో! నా పేరు తట్టుకుంటాది."

ఆ మాట విని నాకు హాయిగా అనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం.

ఆయన పేరు తట్టుకోలేదు. స్లాబు పగలగొట్టి కూలి లేకుండా మళ్ళీ పోసిచ్చాడు. ఆ తర్వాత ఎవరూ ఆయన్ని స్లాబు పనికి పిలవలేదు. కాంపౌండు గోడలు, పూత పని, అంతే. కుడిచెయ్యి భుజం దాటి లేచేది కాదు.

నేను మూడు లారీలు కొన్నాను.

చెప్పేస్తాను చిన్నాయనా అని ఎన్నోసార్లు అన్నాను. "ఇప్పుడెందుకులేమ్మా" అనేవాడు. ఆయన వద్దన్నాడు కాబట్టే ఊరుకున్నానని నన్ను నేనే నమ్మించుకున్నాను. నాకు భయం, అంతే.

నిన్న శవం దగ్గర ఒక పెద్దాయన అన్నాడు. "మంచి మనిషి. ఆ లత్తేరి ఇంటి దగ్గిర ఒక్కటే తప్పు చేసినాడు, పాపం."

చిన్నమ్మ తల దించుకుంది. నేను పక్కనే ఉన్నాను. నిన్న కూడా నోరు విప్పలేదు.

కొత్తగా బిజినెస్ పెట్టే పిల్లలూ, ఇచ్చిన మాట నిలబెట్టుకోండి. కానీ మీ మాట కోసం ఇంకొకరి కప్పు కింద కర్రలు తీయకండి. తప్పు జరిగితే ఆ రోజే, ఆ వాకిట్లోనే చెప్పేయండి. నేను చెప్పలేదు. ఆ స్లాబు ఊడదీయించింది నేను.

ఇదంతా రాసి ఒకసారి చదువుకున్నాను. చిత్తూరులో చదివాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. మా వాళ్ళు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, చదవడం రాదు. చిన్నమ్మకు రాదు. ఆ పెద్దాయనకు రాదు. ఎవరికి తెలియాలో వాళ్ళు చదవలేని అక్షరాల్లో తప్పు ఒప్పుకుని కూర్చున్నాను. ఇది కూడా దాక్కోవడమే.

ఇవాళ రెండో రోజు కర్మ, పాలు పోయడానికి అందరూ తొరపాడి వస్తారు. బయల్దేరుతున్నాను. చిన్నమ్మ పక్కన నిలబడి నా నోటితో చెప్తాను. అక్కడి నుంచి లత్తేరి వెళ్ళి ఆ ఇంటివాళ్ళకు తమిళంలో చెప్తాను.

చిన్నాయనా, నువ్వు ఉండగా చెప్పలేకపోయాను. నీ ఆత్మ ఇకనైనా చల్లగా ఉండాలి. పోయి రా నాయనా.