సుబేదారు గారి గేటు తుప్పు

ఊళ్ళో పిల్లలందరూ సాఫ్ట్‌వేర్ కోర్సుల వెంట పడుతుంటే, మా అమ్మాయి వీడియో గేములకు బొమ్మలు వేసే డిగ్రీలో చేరింది. అసలు అదొక చదువేనా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఈ రోజు మా సైనిక్‌పురిలో ఇంకొకరికీ అనుమానం వచ్చింది.

పక్క వీధిలో ఉండే రిటైర్డ్ సుబేదారు గారు ఫోన్ చేస్తే పరుగెత్తాను. ఆయన గేటును మరీ దగ్గర నుంచి ఫోటోలు తీస్తూ మా అమ్మాయి పట్టుబడింది.

"గేటు ఫోటోలు ఎందుకమ్మా? ఎవరు పంపిండ్రు నిన్ను?"

"కాలేజీ ప్రాజెక్టు అంకుల్. మా గేమ్‌లో ఒక ఇంటికి అచ్చం ఇలాంటి తుప్పే కావాలి."

"ఎవరిదమ్మా గా ఇల్లు?"

"దయ్యాలది."

ఆయన నా వైపు చూశారు. నేను గేటు వైపు చూశాను. ఫోటోలు చెరిపెయ్యమనలేదు గానీ, మేమింకా అక్కడ ఉండగానే పెయింటర్‌కు ఫోన్ కలిపారు.

ఇంటికొచ్చాక అమ్మాయి కెమెరా నా మొహం మీదికి తిప్పింది. "కదలకు నాన్నా, నుదుటి మీద ముడతలు భలే ఉన్నాయి" అంది.

ఏ పాత్రకో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మీరైతే అడిగేవారా?