రేసు కుర్రాడికి మా గోత్రం

మేం ఉండేది రంగూన్‌లో, రైల్వే స్టేషన్ దగ్గర. మొన్న వానాకాలంలో మనవరాలు పనికి వెళ్తూ, నాకు కాలక్షేపానికని టీవీలో ఒక అమెరికా రేసు కారు చాంపియన్ కథ పెట్టింది. చిన్నప్పుడు తండ్రి షెడ్డులో టైర్లు తుడిచిన కుర్రాడు, మొదటి కప్పు గెలవగానే తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు. నాకెంత ముద్దొచ్చాడో. ఆ తర్వాతి రేసులో అతని కారు గోడను గుద్ది పల్టీలు కొట్టింది. తల్లి లేచి నిలబడింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

సాయంత్రమైనా కరెంటు రాలేదు. ఉండబట్టలేక గొడుగు వేసుకుని గుడికి వెళ్ళాను, అర్చన చేయించడానికి.

"ఎవరి పేరు మీదమ్మా?" అన్నారు పంతులు గారు.

"అమెరికా రేసు కుర్రాడండి. పేరు నోరు తిరగట్లేదు."

"గోత్రమేటి?"

వెనక నిలబడ్డవాళ్ళు నవ్వారు. సిగ్గుతో చచ్చిపోయాను. "ఆడికేటి గోత్రముంటాది పంతులు గారూ, మాదే చెప్పీయండి," అన్నాను.

ఇంటికొచ్చాక మనవరాలు పడీ పడీ నవ్వింది. "మామ్మా, అది నేను పుట్టకముందు రేసు. దెబ్బలు మానాక ఇంకా మూడు కప్పులు గెలిచాడు. ఇప్పుడు మనవల్ని ఆడిస్తన్నాడు. నీ పూజ దండగే."

"బతికే ఉన్నాడు కదే, దండగెలాగవుద్ది?" అన్నాను.

నేను చెప్తుంటే ఇది రాస్తూ ఇప్పుడు కూడా నవ్వుతోంది. ఆ రోజు ప్రసాదం మాత్రం కళ్ళకద్దుకునే తింది.